నిండు యాటను తిప్పే చువ్వకు మోటార్ స్పీడ్ ఎట్ల తగ్గించాలె? 1440 నుంచి 4 ఆర్పీఎం

పర్కాల_పొయ్యి:
అన్నలూ, పని ఇది. 200 లీటర్ల డ్రమ్మును నిలువుగా రెండు బద్దలు కోయించి, రెండింటిని తలకు తల వెల్డింగ్ పెట్టించిన. పొడవు ఆరు ఫీట్లకు జర తక్కువ. అండ్ల బొగ్గులు పోసి, పైన చువ్వకు 12 కిలోల యాటను (తోలు, తల, పేగులు తీసినంక బరువు) గుచ్చి తిప్పాలె. మోటార్ చేతిల ఉన్నది: సింగిల్ ఫేజ్, అర హార్స్‌పవర్, ప్లేటు మీద 1440 ఆర్పీఎం, వీపు మీద ఒక కండెన్సర్. ఫ్యాను రెగ్యులేటర్ పెట్టి తగ్గిస్తే తిరగకుండ గుయ్యిమంటున్నది, ఐదు నిమిషాలకే చెయ్యి పెట్టలేనంత వేడి. దీన్ని నిమిషానికి నాలుగైదు చుట్లకు తేవాలంటె ఏ రెగ్యులేటర్ కొనాలె? దసరాకు ఇంక మూడు వారాలు ఉన్నది.

కాజీపేట_వైండింగ్:
ఏ రెగ్యులేటరూ కొనకు తమ్మీ. పెట్టింది కూడా ఇప్పుడే పీకెయ్యి, లేకుంటె వైండింగ్ ఖర్చు మీద పడ్తది.

ఆ మోటార్ వేగం వోల్టేజీ చేతిల ఉండదు, కరెంటు సైకిళ్ల చేతిల ఉంటది. మనకు 50 హెర్ట్జ్, మోటార్ నాలుగు పోల్స్‌ది, లెక్క ప్రకారం 1500. లోడు మీద జారి 1440 అయితది. వోల్టేజీ తగ్గిస్తే వేగం పెద్దగ తగ్గదు, బలం పడిపోతది. వోల్టేజీ సగమైతె బలం నాలుగో వంతే. లోపల స్టార్టింగ్ వైండింగ్‌కు ఒక సెంట్రిఫ్యూగల్ స్విచ్ ఉంటది. మోటార్ ముప్పావు వేగం అందుకున్నంక అది తెరుచుకొని స్టార్టింగ్ వైండింగ్‌ను కరెంటు నుంచి తప్పిస్తది. నువ్వు వేగం అందనియ్యవు, స్విచ్ తెరుచుకోదు. రెండు మూడు సెకన్ల కోసం చుట్టిన సన్న తీగ గంటల తరబడి కాలుతది. ముందు కండెన్సర్ ఉబ్బుతది, తర్వాత వాసన వస్తది.

మరి ఫ్యానుకు రెగ్యులేటర్ ఎట్ల పనిచేస్తది అంటవా? ఫ్యాను రెక్కకు గాలే లోడు. వేగం తగ్గితె గాలి లోడు కూడ దబ్బున తగ్గుతది, అందుకే తక్కువ బలంతోటి కూడ తిరుగుతది. యాట బరువు వేగం తగ్గినా తగ్గదు గదా.

కొలతబద్ద:
పైన చెప్పింది పూర్తిగా సరైనది. నేను అంకెలు చేరుస్తాను, వాటిని బట్టి ఏ మోటార్ కావాలో తేలిపోతుంది.

చువ్వ మధ్యలో లేని బరువే మోటార్‌కు అసలు పని. 12 కిలోల యాటలో బరువు కేంద్రం చువ్వకు 4 సెంటీమీటర్లు పక్కకు ఉందనుకోండి. 12 × 4 = 48 కిలో-సెంటీమీటర్లు, అంటే సుమారు 4.7 న్యూటన్ మీటర్లు. నిమిషానికి 4 చుట్ల దగ్గర దీనికి పట్టే శక్తి 2 వాట్లు. జీరో బల్బు కంటే తక్కువ. రాపిడికి, భయానికి కలిపి మూడింతలు వేసుకున్నా 150 కిలో-సెంటీమీటర్లు, 6 వాట్లు.

ఇప్పుడు మీ మోటార్ చూడండి. అర హార్స్‌పవర్ అంటే 373 వాట్లు. దాన్ని గేర్లతో 4 ఆర్పీఎంకు దించితే లెక్కలో 890 న్యూటన్ మీటర్లు వస్తుంది, గేర్లలో సగం పోయినా 400 పైనే. మీకు కావాల్సింది 15. ఎక్కడైనా అడ్డం తగిలితే మోటార్ ఆగదు, చువ్వ వంగుతుంది, లేదా చైనులో ఇరుక్కున్న వేలు పోతుంది. ఈ మోటార్‌తో చేయకూడదని కాదు. చేస్తే మధ్యలో తెగిపోయే ఒక బలహీనమైన కీలు తప్పనిసరి.

పర్కాల_పొయ్యి:
లెక్క సమజైంది. కాని మోటార్ ఇంట్ల ఉన్నది, కొత్తది కొనుడెందుకు అని. గేర్లతోటి అయితదంటె దారి చెప్పుండ్రి. త్రీఫేజ్ మోటార్‌కు వీఎఫ్‌డీ (కరెంటు సైకిళ్లను మార్చి వేగం తగ్గించే డబ్బా) పెడితె అయితది అని కూడ ఒకరు అంటున్నరు.

చైను_చక్రం:
వీఎఫ్‌డీ ముచ్చట ముందు ముగిద్దాం. 50 హెర్ట్జ్‌ను 5కు దించినా మోటార్ 140 ఆర్పీఎం దగ్గర తిరుగుతది. అంత మెల్లగ తిరిగితె వెనుక ఉన్న సొంత ఫ్యాను గాలి కొట్టదు, మోటార్ ఉడుకుతది. అప్పుడు కూడ గేరు కావాల్నే. పైసలు దండుగ.

నీ మోటార్‌కు దారి ఇది. 1440ని 4తో భాగిస్తే 360 వంతుల తగ్గింపు. ఒక్క దెబ్బకు రాదు, మూడు మెట్లల్ల తీయాలె.

మొదటి మెట్టు పట్టా. మోటార్‌కు 3 ఇంచుల పుల్లీ, గేరు బాక్సుకు 6 ఇంచుల పుల్లీ, ఏ-సెక్షన్ వీ-బెల్టు. 1440 కాస్త 720 అయితది. 3 ఇంచుల కంటె చిన్న పుల్లీ ఏ-బెల్టుకు వద్దు, మలుపు ఎక్కువై బెల్టు లోపలి దిక్కు పగుల్తది.

రెండో మెట్టు వర్మ్ గేరు బాక్సు (మర లాంటి కడ్డీ పండ్ల చక్రాన్ని తిప్పేది), 60కి 1. 720 కాస్త 12 అయితది. పాత సామాన్ల దుకాణంల కొంటె ప్లేటు నమ్మకు. ఇన్‌పుట్ షాఫ్టును చేత్తోటి తిప్పి, అవుట్‌పుట్ ఒక చుట్టు తిరిగేదాక ఎన్ని చుట్లు పట్టినయో లెక్కపెట్టు. 60 రావాలె. ఇన్‌పుట్ పట్టుకొని అవుట్‌పుట్ షాఫ్టును అటు ఇటు ఆడించి చూడు. బాగ ఆడితె కంచు చక్రం అరిగిపోయిందని అర్థం, వదిలెయ్యి. నూనె తీసి చూస్తె పసుపు రంగు పొడి మెరుస్తున్నా అదే రోగం.

మూడో మెట్టు బండి చైను. 100 సీసీ బండి చైన్ సెట్టుల ముందు 14, వెనుక 42 పండ్లు దొరుకుతయి. పండ్లు లెక్కపెట్టే కొను, బండిని బట్టి మారుతయి. 12ను మూడుతోటి భాగిస్తే 4. సరిగ్గ నీకు కావాల్సిందే.

చిన్న స్ప్రాకెట్ లోపల గాళ్లు ఉంటయి, గేరు బాక్సు షాఫ్టు నున్నగ ఉంటది. నేరుగ ఎక్కదు. లేత్ మీద ఒక హబ్ తిప్పించి, కీ-వే కొట్టించి, దాని మీద స్ప్రాకెట్‌ను బోల్టులతోటి బిగించాలె. గట్టి ఉక్కు కాబట్టి వెల్డింగ్ ఒక్కసారిగ పెడితె పక్కన సన్న పగులు వస్తది, అది మూడు గంటలకు తెలుస్తది, యాట నిప్పుల మీద ఉన్నప్పుడు. వరంగల్ ఆటోనగర్ దిక్కు పోయినవంటె లేత్, వెల్డింగ్, పాత స్ప్రాకెట్లు ఒక్క తిరుగుడుల అయిపోతయి.

పర్కాల_పొయ్యి:
చైన్ సెట్టు బదులు ఇంట్ల పాత సైకిల్ ఉన్నది. పెడల్ దిక్కు చక్రం 44 పండ్లు, వెనుకది 18. అది వాడితె?

చైను_చక్రం:
44ని 18తోటి భాగిస్తే రెండున్నర కూడ కాదు, చుట్లు 5కు జర తక్కువ వస్తయి గంతే. వాడచ్చు. కాని వెనుక చక్రం ఫ్రీవీల్ గదా, అండ్లనే తిప్పలు.

కొలతబద్ద:
ఫ్రీవీల్ విషయం కాస్త విడమరచాలి, చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. యాట బరువు వైపు పైకి ఎక్కేటప్పుడు మోటార్ దాన్ని తోస్తుంది. శిఖరం దాటగానే బరువే చువ్వను తిప్పబోతుంది. మామూలు చైను అయితే అప్పుడు మోటార్ దాన్ని పట్టి ఆపుతుంది. ఫ్రీవీల్ ఒక వైపే పట్టు ఇస్తుంది, మరో వైపు టకటకమని జారుతుంది. అంటే బరువు వైపు సగం చుట్టు దబేలుమని కిందికి పడిపోతుంది, తర్వాత మోటార్ అందుకునే దాకా అక్కడే వేలాడుతుంది. ఒక వైపు మాడి ఒక వైపు పచ్చిగా ఉండేది ఇందుకే. ఫ్రీవీల్‌ను రెండు మూడు చోట్ల టాక్ వెల్డింగ్ చేసి బిగించేస్తే సమస్య పోతుంది.

ఇంకొకటి, సైకిల్ చైను, బండి చైను కలపొద్దు. రెండింటికీ పిన్నుల మధ్య దూరం అర ఇంచే, చూపుకు సరిపోయినట్టే ఉంటుంది. కానీ బండి స్ప్రాకెట్ మందం సైకిల్ చైను సందులో దూరదు, సైకిల్ చక్రం మీద బండి చైను వదులుగా ఊగి జారుతుంది.

12వోల్టులు_జమ్మికుంట:
మీరంత 230 వోల్టుల కాడనే తిరుగుతున్నరు. ఆరుబయట, నిప్పుల పక్కన, చేతులు తడిగ ఉండే పని ఇది. నన్నడిగితె ఆ మోటార్‌ను పక్కన పెట్టి కారు వైపర్ మోటార్ తీసుకో. లోపలనే వర్మ్ గేరు ఉంటది, 12 వోల్టులకు నడుస్తది, స్లో వైర్ మీద 40–45 ఆర్పీఎం. 14–42 చైను రెండు మెట్లు పెడితె తొమ్మిదో వంతు, అంటె 5 ఆర్పీఎం చేతికి వస్తది. నడుమ షాఫ్టు 20 ఎంఎంది, రెండు యూసీపీ 204 బేరింగులు చాలు.

వైర్లు ఎట్ల గుర్తు పట్టాలె: బ్యాటరీ మైనస్‌ను మోటార్ కామన్‌కు పెట్టి (కొన్నింటికి బాడీనే మైనస్), ప్లస్‌ను ఒక్కొక్క వైరుకు తాకిచ్చి చూడు. రెండు వైర్ల మీద తిరుగుతది, మెల్లగ తిరిగేది స్లో. మిగిలింది పార్కింగ్‌ది, దానికి టేపు చుట్టి వదిలెయ్యి. ఫాస్ట్ వైరు వాడకు. అది పక్కకు పెట్టిన మూడో బ్రష్, వేగం ఎక్కువ, బలం తక్కువ.

కరెంటు ఖాళీగ 2 ఆంపియర్ల లోపల, లోడు మీద 3 నుంచి 5. జామ్ అయితె 20 దాటుతది, కాబట్టి 10 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ ప్లస్ పక్కన్నే పెట్టాలె, మోటార్ దగ్గర కాదు. నాలుగు గంటల పనికి 15 నుంచి 20 ఆంపియర్-అవర్ పోతది, 35 ఆంపియర్-అవర్ కారు బ్యాటరీ హాయిగ లాగుతది. బండి బ్యాటరీతోటి కాదు. అడాప్టర్ పెడితె 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ స్టార్టింగ్ దెబ్బకు ట్రిప్ అయి టిక్కు టిక్కు అంటది, 20ది తీసుకో.

కాజీపేట_వైండింగ్:
వైపర్ ముచ్చట ఒప్పుకుంట. లారీది దొరికితె ఇంక మంచిది. 24 వోల్టులది 12 మీద పెడితె వేగం సగానికి పడ్తది, వేడి కాదు.

12వోల్టులు_జమ్మికుంట:
అవునన్నా. ఇరవై, ఇరవై రెండు దాక వస్తది. ఒక్క 14–42 మెట్టుతోటి 7 ఆర్పీఎం, పీడబ్ల్యూఎం కంట్రోలర్ (కరెంటును తుంపులు తుంపులుగ ఇచ్చి వేగం తగ్గించే డబ్బా) పెట్టి 4కు దించుకోవచ్చు. ఒక షాఫ్టు, ఒక చైను ఖర్చు తప్పుతది.

కొలతబద్ద:
అక్కడ జాగ్రత్త. పీడబ్ల్యూఎం డబ్బాకు మోటార్ ఎంత వేగంగా తిరుగుతున్నదో తెలియదు, సగటు వోల్టేజీ మాత్రమే తగ్గిస్తుంది. నాబ్ మూడో వంతు కిందికి దించితే, బరువు పైకి ఎక్కేటప్పుడు మోటార్ నీరసించి ఆగుతుంది, దిగేటప్పుడు పరుగెత్తుతుంది. పెద్ద తగ్గింపు ఎప్పుడూ గేర్లతోనే చేయాలి, పీడబ్ల్యూఎంను చివర్లో కాస్త సవరించుకోవడానికి ఉంచుకోవాలి. నాబ్ 60 శాతం పైన ఉండేలా స్ప్రాకెట్లు ఎంచుకోండి.

మొలంగూర్_మెస్:
ఒక్క కోడి, రెండు కోళ్ల మటుకే అయితె ఇంత పెద్ద కథ ఉన్నదా? మిక్సీ మోటార్, డ్రిల్లు మోటార్ వాడితె?

కాజీపేట_వైండింగ్:
మిక్సీది వేల ఆర్పీఎంల మోటార్. డిమ్మర్‌తోటి తగ్గుతది నిజమే, కాని మెల్లగ తిరిగితె బలం ఉండదు, సొంత ఫ్యాను ఆడదు, చప్పుడు వేరే. వద్దు.

కోడికి కూలర్ స్వింగ్ మోటార్ తీసుకో. కూలర్ల రెక్కలను అటు ఇటు తిప్పే చిన్న గుండ్రటి మోటార్, 230 వోల్టులు, 4 వాట్లు. ప్లేటు మీద 5/6 ఆర్పీఎం అని ఉంటది, అంటె 50 హెర్ట్జ్‌కు 5, 60కి 6. మన దగ్గర ఐదే. నడుమ గేర్లు ఏం అక్కర లేదు. ఇది సింక్రనస్ మోటార్, స్విచ్ వేసిన ప్రతిసారి ఇష్టమొచ్చిన దిక్కుకు తిరుగుతది. కోడికి దిక్కుతోటి పనేముంది. కాని గేర్లు ప్లాస్టిక్‌వి, బరువు ఒక దిక్కు పడితె పండ్లు ఊడుతయి. కోడి రెక్కలు, కాళ్లు దారంతోటి బిగించి కట్టాలె. ఒక్క కాలు ఊడి వేలాడిందంటె ఇగ మోటార్ పని అయిపోయినట్టే.

మైక్రోవేవ్ అడుగున ప్లేటు తిప్పే మోటార్ కూడ ఇదే జాతి. కాని కొన్నింటి మీద 21 వోల్టులు, 30 వోల్టులు అని ఉంటది, 230కి పెడితె క్షణంల కాలుతది. ప్లేటు చదువు. మైక్రోవేవ్ డబ్బాను మాత్రం సొంతంగ విప్పకు, ప్లగ్గు పీకినా లోపల పెద్ద కండెన్సర్‌ల ప్రాణం తీసే కరెంటు నిలువ ఉంటది.

బొగ్గుల_దావత్:
మోటార్ల ముచ్చట మంచిగ నడుస్తున్నది, కాని యాటను గుచ్చుడు సరిగ్గ లేకుంటె ఏ మోటారూ పనికి రాదు. సగం ఫెయిల్ అయ్యేది మోటార్ కాదు, కట్టుడే.

చువ్వ: యాటకు 25 ఎంఎం స్టెయిన్‌లెస్ స్టీలు పైపు, 304 గ్రేడు, మందం 2 ఎంఎం తగ్గొద్దు. జీఐ పైపు చస్తే వద్దు. జింకు పూత వేడికి పొగ అయితది, కూరకు అంటుతది. డ్రమ్ము కూడ నూనె, తిండి సామాను వచ్చిందే అయ్యుండాలె. రసాయనాలది అయితె కాల్చినా నమ్మలేం.

కట్టుడు: చువ్వ వెనుక నుంచి పోయి మెడల నుంచి బయటికి రావాలె, వెన్నెముకకు ఆనుకొని. వెన్నెముకను చువ్వకు మూడు చోట్ల యూ-బోల్టులు బిగించాలె: భుజాల దగ్గర, నడుముకు, తొంటి దగ్గర. 8 ఎంఎం స్టీలువి. బోల్టు లోపలికి పోను వెన్ను పక్కన కత్తితోటి గాటు పెట్టి, బయట నుంచి పట్టీ వేసి నట్టు బిగించు. రెండు చివర్ల నాలుగు పండ్ల ఫోర్కులు. ముందు కాళ్లు మెడ దిక్కు, వెనుక కాళ్లు చువ్వ వెంబడి చాపి స్టీలు తీగతోటి చుట్టాలె. ఇది చెయ్యకుంటె రెండు గంటలకు కూర మెత్తబడి, చువ్వ లోపల తిరుగుతది, యాట మాత్రం పొట్ట కిందికి పెట్టుకొని పండుకుంటది. మోటార్ మంచిగనే తిరుగుతున్నది గదా అని మనం అనుకుంటం.

బరువు సరిచేసుడు: నిప్పు పెట్టకముందే, చైను తీసేసి చువ్వను రెండు యాంగిలర్ల మీద వదులుగ పెట్టు. బరువు దిక్కు తనంతట తాను కిందికి వస్తది. దానికి ఎదురు దిక్కున చువ్వ కొసకు 6 ఇంచుల కమ్మీ బిగించి బరువు వేలాడదియ్యి. 12 కిలోలు 3 సెంటీమీటర్లు తప్పితె 36, దాన్ని 15 సెంటీమీటర్ల కమ్మీతోటి భాగిస్తే రెండు కిలోల నాలుగు వందలు. ఎక్కడ వదిలితె అక్కడ ఆగాలె, అట్ల అయ్యేదాక సవరించు. గంటన్నర అయినంక మళ్ల చూడు, కొవ్వు, నీళ్లు కారి బరువు మారిపోతది.

పర్కాల_పొయ్యి:
ఇది మస్తు పనికొచ్చే ముచ్చట అన్నా. చుట్లు 4 కాకుండ 10 ఉంటె నష్టమా? చువ్వ రెండు కొసలకు బేరింగ్ ఏది పెట్టాలె?

బొగ్గుల_దావత్:
3 నుంచి 6 మంచిది. 2 కంటె తగ్గితె కొవ్వు ఒక్క చోట చేరి బొట్లు బొట్లుగ నిప్పుల పడి మంట లేస్తది, అడుగు మాడుతది. 10 ఉంటె వండుడుకు లాభం లేదు, రసం చిందుతది, కట్టు వదులైతది. బొగ్గులను నడుమ కుప్ప పొయ్యకు. తొడలు, భుజాలు మందం, నడుము పలుచన. రెండు కొసల కింద ఎక్కువ, నడుమ పలుచగ. కొవ్వు కారే వరుస కింద బొగ్గులు లేకుండ ఒక రేకు పళ్లెం పెడితె మంటలు లేవవు.

చైను_చక్రం:
కొసలకు బేరింగే అవసరం లేదు. 4 ఆర్పీఎంకు బేరింగ్ అంటె ఎడ్లబండికి టర్బో. యాంగిలర్‌ను వీ ఆకారంల కోసి, దాంట్ల చువ్వను కూర్చోబెట్టి రెండు చుక్కల వంట నూనె వెయ్యి. బేరింగ్ పెట్టినవంటె నిప్పుల వేడికి గ్రీజు కరిగి కారుతది, రబ్బరు సీలు మాడుతది. మోటార్ దిక్కున అంటావా, యూసీపీ 205 పెట్టచ్చు, కాని డ్రమ్ము అంచు నుంచి ఒక ఫీటు దూరం, నడుమ రేకు అడ్డం. రేకుకూ మోటార్‌కూ మధ్య రెండు ఇంచుల గాలి సందు ఉండాలె. రేకు మోటార్‌కు ఆనుకొని ఉంటె అది అడ్డం కాదు, పెనం.

చైనును మరీ బిగువుగ పెట్టకు, మరీ వదులు పెట్టకు. నడుమ వేలుతోటి ఒత్తితె అర ఇంచు దిగాలె. వదులుంటె బరువు పైనుంచి దాటినప్పుడల్ల టక్ మని కొడ్తది.

కొలతబద్ద:
కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. వర్మ్ గేరు 60కి 1 అయితే చక్రం వైపు నుంచి తిప్పితే తిరగదు. అది మంచిదే, యాట వెనక్కి జారదు. కానీ కరెంటు పోతే చేత్తో కూడా తిప్పలేరు, ఆగిన చోటే మాడుతుంది. అందుకే పెద్ద స్ప్రాకెట్‌ను చువ్వకు నేరుగా బిగించకుండా, ఒక స్లీవు మీద పెట్టి అడ్డంగా ఒక 4 ఎంఎం అల్యూమినియం పిన్ను గుచ్చండి. పిన్ను లాగితే చువ్వ విడిపోతుంది, కొసన హ్యాండిల్ వేసి చేత్తో తిప్పొచ్చు. నేను మొదట చెప్పిన తెగిపోయే కీలు కూడా ఈ పిన్నే. అడ్డం తగిలితే అది తెగుతుంది, వేలూ గేరు బాక్సూ బతుకుతాయి. ఇనుప పిన్ను, మేకు పెట్టి ఈ ఏర్పాటును పాడు చేయకండి. నాలుగైదు పిన్నులు కోసి దగ్గర పెట్టుకోండి.

230 వోల్టుల మోటార్ వాడేట్టయితే మూడు కోర్ల వైరు, మోటార్ బాడీకి, డ్రమ్ము స్టాండుకు ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్). వైరు నేల మీద నుంచి కాకుండా వేడికి దూరంగా పై నుంచి తేవాలి.

పర్కాల_పొయ్యి:
అర హార్స్‌పవర్ తోటే పోత, గేరు బాక్సు 60ది దొరికింది, చేత్తోటి తిప్పి లెక్కపెట్టిన, సరిగ్గ 60. స్ప్రాకెట్లు 14, 42. అల్యూమినియం పిన్ను లేత్‌ల చెప్పిన. పుల్లీలు 3, 6, రెండింటి నడుమ దూరం 14 ఇంచులు. బెల్టు నంబర్ ఎంత అడగాలె?

చైను_చక్రం:
దూరం రెండింతలు 28, పుల్లీలు రెండు కలిపి 9 ఇంచులు, దాన్ని 1.57తోటి గుణిస్తే 14 పైన, తేడాకు ఇంకొంచెం, మొత్తం 42 ఇంచుల పైన జర. బెల్టు మీది నంబర్ లోపలి కొలత, అది ఇంచు పైన తక్కువ ఉంటది. ఏ-41 అడుగు. లేకుంటె ఏ-42 తీసుకొని మోటార్‌ను అర ఇంచు వెనక్కి జరుపు. మోటార్ కాళ్ల కింద పట్టీకి గుండ్రటి బొక్కలు కాకుండ రెండు ఇంచుల పొడవు చీలికలు కొట్టియ్యి, అప్పుడు ఏదైనా సరిపోతది. బెల్టును గట్టిగ లాగి బిగించకు, అడ్డం తగిలితె జారే అంత వదులు ఉండనియ్యి.

పర్కాల_పొయ్యి:
దుకాణంల ఏ-42నే ఉన్నది. చీలికలు కొట్టిస్తున్న. చువ్వ ఏ దిక్కుకు తిరగాలె, దానికేమన్న లెక్క ఉన్నదా?

బొగ్గుల_దావత్:
యాటకు ఏ దిక్కైనా ఒకటే. ఫోర్కుల స్క్రూలు మాత్రం చూసుకో. తిరుగుడు దిక్కుకు విప్పుకునేట్టు ఉంటె గంటకోసారి బిగించాల్సి వస్తది. నట్టు మీద ఇంకో నట్టు ఎక్కించు.